మూయబడని ద్వారము: డాక్టరు బర్నార్డోగారి జీవితము

లండను నగరపు తూర్పుభాగమున స్టెప్నీ కాజ్‌వే అను నొక యిరుకు వీధి కలదు. పందొమ్మిదవ శతాబ్దమున ఆ వీధిలో నొక గృహముండెను. దిక్కులేని బిడ్డ యెవ్వరు వచ్చినను లేదనక చేర్చుకొందుమని దానిమీద అందఱికిని కనబడునట్లు వ్రాయబడియుండెను. రాత్రి యే జామునందైనను ఆ తలుపు తట్టవచ్చును. సిఫారసు ఉత్తరము అక్కఱలేదు, రుసుము అక్కఱలేదు. ఆకలిగొని, నిలువ నీడలేక వచ్చుటయే అచ్చట ప్రవేశమునకు తగిన యోగ్యత. ఆ మాటను వ్రాయించినవాడు దానిని తేలికగా వ్రాయింపలేదు. ఒక బాలుని మరణము దానిని వ్రాయించెను.

ప్రియ విద్యార్థులారా, ఆ ద్వారమును తెఱచిన డాక్టరు థామస్ జాన్ బర్నార్డోగారి జీవితమును ఈ సంచికలో మీకు చెప్పదలచితిని. ఇట్టి మహనీయుల కథలు చెప్పునపుడు వారి యుపకారములను మాత్రము చెప్పి, తప్పిదములను విడిచిపెట్టుట వాడుక. నేను రెంటిని చెప్పెదను. ఏలయనగా ఇతరుల ధనముతో చదువుకొను పిల్లలకును, వారిని చదివించు పెద్దలకును, ఆ రెంటినుండియు నేర్చుకొనదగిన సంగతి కలదు.

బర్నార్డో 1845వ సంవత్సరము జూలై నెల 4వ తేదీన ఐర్లండు దేశములోని డబ్లిను నగరమున జన్మించెను. ఆయన తండ్రి జర్మను దేశమునుండి వచ్చి యచ్చట స్థిరపడి, బొచ్చుతోళ్ల వర్తకము చేయుచుండెను. బాల్యమున థామసు మంచి విద్యార్థియని పేరు పొందలేదు. ఎదురు మాటాడువాడు, తన మాటయే చెల్లవలెననువాడు. పాఠశాల విడిచిన పిమ్మట వర్తకుని కొలువులో కుదిరెను. ఆ పట్టుదల ఆయనను కడవఱకు విడువలేదు. ఆయన సాధించిన మేలునకును, ఆయన పడిన చిక్కులకును అదియే మూలమని ముందు చదువబోవు సంగతులవలన మీకు తెలియగలదు.

1862వ సంవత్సరమున డబ్లిను నగరములో గొప్ప యుజ్జీవము కలిగెను. అంతవఱకు మతవిషయములను తేలికగా చూచుచుండిన యా యువకుడు ఆ కూటములలో మారుమనస్సు పొందెను. తాను నమ్మిన దానిని చేతలలో చూపనిదే యూరకుండుట ఆయన స్వభావము కాదు. కావున ఆ నగరపు బీదవాడలకు పోయి రోగులను దర్శించుటయు, చింపిగుడ్డల బడిలో పిల్లలకు బోధించుటయు మొదలుపెట్టెను.

చింపిగుడ్డల బడి యనగా నేమో చెప్పవలసియున్నది. ఆ కాలమున ఇంగ్లండులో బీదపిల్లలకు ప్రభుత్వ పాఠశాలలు లేవు. సంఘములు నడుపు పాఠశాలలలో సయితము కొంత రుసుమును, శుభ్రమైన బట్టలును కావలసియుండెను. ఆ రెండును లేని పిల్లలు వీధులలో తిరుగుచుండిరి. పోర్ట్‌స్మతు పట్టణమున జాన్ పౌండ్సు అను అవిటివాడైన చెప్పులు కుట్టువాడు తన చిన్న దుకాణములోనే అట్టి పిల్లలను కూర్చుండబెట్టుకొని, పని చేయుచునే చదువు చెప్పెను. ఆయన 1839లో మరణించెను. ఆయన మాదిరి చూచి అనేక నగరములలో విశ్వాసులు ఇట్టి బడులను పెట్టిరి. 1844లో లండనునందు వీటికొక సమాజ మేర్పడెను. షాఫ్ట్స్‌బరీ ప్రభువు దానికి అధ్యక్షుడై చిరకాలము తోడ్పడెను. పిల్లలు చింపిగుడ్డలతో వచ్చినను పంపివేయని బడులగుటచే వాటికా పేరు వచ్చెను.

1866వ సంవత్సరమున బర్నార్డో లండను చేరెను. చీనా దేశమునకు మిషనెరీగా పోవలెనని ఆయన కోరిక. చైనా ఇన్లాండు మిషను స్థాపకుడగు హడ్సను టేలరుగారితో పరిచయము కలిగి, ఆ సేవకు సిద్ధపడుటకై లండను ఆసుపత్రిలో వైద్యవిద్య నారంభించెను. ఆ యేడే తూర్పు లండనున కలరా జాడ్యము ప్రబలి అయిదువేలకు పైగా జనులు మరణించిరి. ఆ విద్యార్థి ఇల్లిల్లు తిరిగి రోగులను చూచెను. ఒక్కొక గదిలో ఒక్కొక కుటుంబము నివసించుటయు, తల్లిదండ్రులు పోయిన పిల్లలు మఱునాడే వీధిపాలగుటయు కన్నులార చూచెను. చీనా దేశమునకు పోవలెనని వచ్చినవానికి, ఓడ యెక్కకముందే అన్యదేశమువంటి దొకటి ఆసుపత్రి గుమ్మమునెదుటనే కనబడెను.

పగలు వైద్యవిద్య, రాత్రులును ఆదివారములును బోధన. ఆయనయు తోడి విద్యార్థులు కొందఱును కలిసి గాడిదలను కట్టు నొక కొట్టమును అద్దెకు తీసికొని, దానిని బాగుచేయించి, అందు బడి పెట్టిరి. పిమ్మట హోప్ ప్లేస్ అను చోట చిన్న యిండ్లను తీసికొని పనిని విస్తరింపజేసిరి. ఈ విధముగా తూర్పు లండను బాలల మిషను 1867–68 సంవత్సరములలో ఆరంభమయ్యెను.

ఆ దినములలో జరిగిన యొక సంగతిని బర్నార్డో తన జీవితమంతయు చెప్పుచుండెను. ఒక చలికాలపు రాత్రి బడి ముగిసెను. పిల్లలందఱు పోయిరి, ఒక్కడు మాత్రము పొయ్యిచెంత నిలిచియుండెను. వాని పేరు జిమ్ జార్విసు, వయస్సు పదియేండ్లు. ఇంటికి పొమ్మనగా, రాత్రియంతయు అచ్చటనే యుండనిమ్మని వాడు బతిమాలెను. తల్లి యెదురుచూచునని ఉపాధ్యాయుడు చెప్పగా, తనకు తల్లి లేదనియు, తండ్రి లేడనియు, ఇల్లు లేదనియు వాడు చెప్పెను. బర్నార్డో నమ్మలేదు. బీదపిల్లలకు సయితము ఎచ్చటనో ఒక గది, ఎవరో ఒక పెద్ద యుందురని ఆయన యెంచుచుండెను. ఇట్టివారు మఱి యున్నారా యని యడుగగా, లెక్కలేనంతమంది యున్నారని చెప్పి, కావలసినచో చూపెదననెను. అర్ధరాత్రి దాటిన పిమ్మట ఆ బాలుడు ముందు నడువగా ఉపాధ్యాయుడు వెంబడించెను. హౌండ్స్‌డిచ్ ప్రాంతమున ఒక గోడనెక్కి చూడగా, ఒక కప్పుమీద పదునొకండుగురు బాలురు చలిలో ముడుచుకొని నిద్రించుచుండిరి. వారిపైని దుప్పటియైనను లేదు. వారిని లేపవలెనా యని జిమ్ము అడిగెను. ఆయనయొద్ద అంతమందిని ఉంచుటకు చోటు లేదు. కావున లేపక దిగివచ్చెను.

ఆ దిగివచ్చుటను ఆయన మఱవలేదు. అంతవఱకు తాను బోధకుడు. ఆ రాత్రినుండి తాను ఋణస్థుడు. అక్షరములు నేర్పి రాత్రి వీధిలోనికి పంపివేయుట బోధనయగునా యను ప్రశ్న ఆయనను పీడించెను. ఆయన సభలలో ఈ సంగతిని చెప్పగా కొందఱు నమ్మిరి, కొందఱు నవ్విరి. షాఫ్ట్స్‌బరీ ప్రభువు మొదలగు పెద్దలు విచారించి, మాట నిజమని తెలిసికొని తోడ్పడిరి. చీనాకు పోవుట మాని లండనులోనే నిలిచినచో గొప్ప మొత్తము నిచ్చెదనని ఒక దాత ముందుకు వచ్చెను. బర్నార్డో ప్రార్థనపూర్వకముగా ఆలోచించి నిలిచిపోయెను.

1870లో స్టెప్నీ కాజ్‌వేనందు బాలుర కొఱకు మొదటి గృహము తెఱవబడెను. అచ్చట తిండియు పడకయు మాత్రమే గాక చదువును, చేతిపనియు నేర్పబడెను. పాదరక్షలు కుట్టుట, వడ్రంగము, బట్టలు కుట్టుట, కుంచెలు చేయుట, అచ్చుపని మొదలగు వృత్తులకు పనిశాలలుండెను. కొందఱు బాలురు వంటచెఱకు కొట్టి అమ్ముచుండిరి. కొందఱు నగరమున వర్తకుల జాబులను అందజేయు పని చేయుచుండిరి. బిచ్చమెత్తి తినుటకంటె పనిచేసి తినుట మేలని ఆయన వారికి నేర్పెను. అన్నము ఒకపూట ఆకలి తీర్చును. చేతిలోని విద్య జీవితమంతయు తీర్చును.

మొదట ఆయనకొక నియమముండెను. చేతిలో నున్న సొమ్మునకు మించి పిల్లలను చేర్చుకొనరాదనియు, అప్పు చేయరాదనియు ఆయన నిశ్చయించుకొనెను. ఇది వివేకముగల నియమమే. ఒకరాత్రి ఆయన వీధులు వెదకి కొందఱు బాలురను తీసికొని వచ్చుచుండగా, జాన్ సోమర్సు అను పదునొకండేండ్ల బాలుడు తననుకూడ చేర్చుకొమ్మని వేడుకొనెను. వాని జుట్టు ఎఱ్ఱగా నుండుటచే స్నేహితులు వానిని క్యారట్టని పిలుచుచుండిరి. పడకలన్నియు నిండియుండెను. కొలదిదినములలో ఖాళీ కాగానే రమ్మని బర్నార్డో వానిని పంపివేసెను. వాడు మరల రాలేదు. కొన్ని దినములకు అంగడి వీధిలో ఒక ఖాళీ పీపాలో నిద్రించుచున్నాడని యెంచి యెవరో లేపబోగా, వాడు చనిపోయియుండెను. చలియు ఆకలియు వాని ప్రాణమును తీసెను.

లెక్కపుస్తకము సరిగానే యుండెను. బాలుడు మాత్రము లేడు. ఆ దినమున బర్నార్డో తన నియమమును త్రిప్పివేసెను. దిక్కులేని బిడ్డ యెవ్వరును ఇకమీదట వెనుకకు పంపబడరని వ్రాయించి తగిలించెను. దానికి తగిన సొమ్ము ఎచ్చటనుండి వచ్చునో ఆయనకు తెలియదు. అది మొదలు ఆయనకు అప్పుల భయము ఎడతెగలేదు. కాని ఆ మాటను మాత్రము ఆయన వెనుకకు తీసికొనలేదు.

ఆ సొమ్ము వచ్చిన విధమును గమనింపుడు. బర్నార్డో ధనవంతుడు కాడు. ఊరూర సభలు చేసి మాటాడెను, పత్రికలు నడిపెను, చిన్న పుస్తకములు వ్రాసి ప్రకటించెను. గొప్ప ప్రభువులు పెద్ద మొత్తముల నిచ్చిరి. వారికంటె లెక్కకు మిక్కిలి ఎక్కువమంది దాసీలును, కూలివారును, విధవలును కొలది పెన్నీలు పంపిరి. ప్రతి పడక వెనుకను, ప్రతి పలక వెనుకను ఎవరో కనబడని మనుష్యుడు తన ఖర్చు తగ్గించుకొని పంపిన నాణెముండెను.

తూర్పు లండనున బీదరికమునకు త్రాగుడు తోడుబోతై యుండెను. లైమ్‌హౌసునందు ఎడిన్బరో కాసిల్ అను పేరుగల గొప్ప సారాయి మందిరమొకటి యుండెను. దాని యెదుటనే బర్నార్డో 1872లో గుడారము వేయించి సువార్తకూటములు జరిపెను. అనేకులు త్రాగుడు మానిరి. ఆ దుకాణము అమ్మకమునకు రాగా చందాలు కూర్చి దానిని కొని, కాఫీ మందిరముగను ప్రార్థనాలయముగను మార్చెను. పనివాడు దినముముగియగానే వెచ్చగా కూర్చుండుటకు, తోడివారితో మాటాడుకొనుటకు చోటు కోరును. సారాయి లేకుండ ఆ చోటు నిచ్చినచో వాని కూలి యింటికి చేరునని ఆయన కనిపెట్టెను. తండ్రి కూలి యింటికి చేరినచో బిడ్డ వీధికి రాదుగదా.

1873లో ఆయన సిరీ లూయీస్ ఎల్మ్‌స్లీ అను భక్తురాలిని వివాహమాడెను. బార్కింగ్‌సైడు గ్రామమున ఒక గృహము వారికి వివాహకానుకగా లభించెను. దంపతులచ్చట బాలికల కొఱకు శరణాలయము నారంభించిరి. మొదట పెద్ద గదిలో అందఱిని కలిపి యుంచిరి గాని, అది బాలికలకు మేలుచేయకపోవుట బర్నార్డో గ్రహించెను. వందలమంది యొక చోట పెరిగినచో ప్రతి బిడ్డయు ఒక సంఖ్య యగును. కావున పచ్చికబయలు చుట్టును చిన్న చిన్న కుటీరములు కట్టించి, ఒక్కొక కుటీరమున కొలదిమంది బాలికలను, వారిపై తల్లివలె నొక స్త్రీని ఉంచెను. ఈ బాలికల గ్రామము 1876లో తెఱవబడెను. వయస్సులో చిన్నవారును పెద్దవారును అక్కచెల్లెండ్రవలె ఒక కప్పుక్రింద పెరిగిరి. వంటయు కుట్టుపనియు బడిచదువును నేర్చిరి.

ఇక ఆయన తప్పిదమును చెప్పవలసియున్నది. 1874 మొదలు ఆయన తన గృహములలో చేరు పిల్లలకు ఛాయాచిత్రములు తీయించుచుండెను. తప్పిపోయిన పిల్లలను గుర్తించుటకును, బంధువులకు చూపుటకును అది యుపయోగపడును. కాని వాటిలో కొన్ని జంటగా అచ్చువేయబడి చందాల కొఱకు అమ్మబడెను. ఒక బొమ్మలో చింపిగుడ్డలతో దీనముగా నిలిచిన బిడ్డ; రెండవదానిలో అదే బిడ్డ శుభ్రమైన దుస్తులతో పని చేయుచుండును. చూచినవారి హృదయము కరగి చేయి సంచిలోనికి పోవును. అయితే మొదటి బొమ్మలలో కొన్ని నిజమైనవి కావు. బిడ్డ వచ్చిన దినమున అంత దీనముగా లేకున్నను, అట్లు కనబడుటకై బట్టలు చింపియు, పాదరక్షలు విప్పించియు తీయించినవి.

ఈ సంగతియు మఱికొన్ని నిందలును బయలుపడెను. అధికారులు పిల్లలను కొట్టుచున్నారనియు, సొమ్ము దుర్వినియోగ మగుచున్నదనియు, పరీక్ష యుత్తీర్ణుడు కాకమునుపే ఆయన డాక్టరను బిరుదము వాడుకొనెననియు కొందఱు ప్రకటించిరి. ఈ బిరుదు విషయమున నింద నిజమే; ఆయన ఎడిన్బరో నగరమున వైద్యపరీక్ష నిచ్చి అర్హత పొందినది 1876లో మాత్రమే. వ్యవహారము 1877లో ముగ్గురు మధ్యవర్తుల యెదుట విచారింపబడెను. ఆ విచారణ అనేక వారములు సాగెను. తుదకు వారు, ఆయన గృహములు నిజముగా ఉపకారముచేయు సంస్థలనియు, సొమ్ము కాజేసెనను నింద నిలువదనియు తీర్పు చెప్పిరి. కాని కల్పించి తీయించిన ఛాయాచిత్రములు మాత్రము మోసకరమైన పద్ధతియని తప్పుపట్టిరి. ఆయన ఆ పద్ధతిని మానుకొనెను. అది మొదలు సంస్థ ఒక్కనిచేతిలో గాక ధర్మకర్తల సభచేత నడుపబడెను.

విద్యార్థులారా, బర్నార్డో సొమ్మును తనకై వాడుకొనలేదు. బిడ్డ కొఱకే అబద్ధమాడెను. ఆ యబద్ధము వలన వచ్చిన సొమ్ముతో నిజమైన అన్నము వండబడెను. ఐనను అది తప్పే. ఏలయనగా దాతలు మోసపోయినదానికంటె, ఆ బిడ్డయే ఎక్కువ నష్టపోయెను. తన బట్టలను తన కన్నులయెదుట ఒకరు చింపి, ఆ చింపిన రూపమున తనను నలుగురికి అమ్ముట ఆ బిడ్డకు తెలియును. ఒక బాలికతల్లి తన కుమార్తెలు అట్లు చిత్రింపబడుట చూచి దుఃఖించి సాక్ష్యమిచ్చెను. బీదరాలైనను తాను పిల్లలను అంత హీనముగా ఉంచలేదని ఆమె బాధ.

అదే 1877వ సంవత్సరమున బర్నార్డో కాపర్‌ఫీల్డ్ రోడ్డునందు కాలువ యొడ్డున నున్న గిడ్డంగులను తీసికొని పెద్ద పాఠశాలను స్థాపించెను. 1870లో ప్రాథమిక విద్యకై చట్టము వచ్చి ప్రభుత్వ పాఠశాలలు కట్టబడుచుండెను గాని, అచ్చట వారమునకు కొన్ని పెన్నీలు చెల్లింపవలసియుండెను. ఆ మాత్రము లేనివారికి ఈ బడి యుచితముగా చదువు చెప్పెను. ఆకలితో నున్న బిడ్డకు అక్షరము తలకెక్కదని యెఱిగి, చలికాలమున ఉదయాహారమును మధ్యాహ్న భోజనమును పెట్టెను. చదువు ముగించినవారికి పని వెదకి యిచ్చెను. లండను నగరములోని చింపిగుడ్డల బడులన్నిటిలో ఇది మిక్కిలి పెద్దదయ్యెను. ఇరుగుపొరుగున ఉచిత ప్రభుత్వ పాఠశాలలు చాలినన్ని వచ్చిన పిమ్మట 1908లో ఇది మూయబడెను. ఒక ధర్మపాఠశాలకు ఇంతకంటె మంచి ముగింపు లేదు. ఇక అక్కఱలేకపోవుటయే దాని జయము. ఆ కట్టడము 1990లో ప్రదర్శనశాలగా తెఱవబడెను. పూర్వపు బల్లలమీద కూర్చుండి నేటి పిల్లలు నాటి పాఠమును వినుచున్నారు.

ఆయన పట్టుదల మఱియొక చోటను దారితప్పెను. తల్లిదండ్రులు క్రూరులని తనకు తోచినచో, చట్టము అనుమతింపకున్నను పిల్లలను తనయొద్ద నుంచుకొనుచుండెను. కొందఱు తల్లులు తమ బిడ్డలను మరల కోరగా, ఇయ్యక న్యాయస్థానములకు పోయెను, పలుమారు ఓడిపోయెను. ఈ వివాదముల ఫలితముగా 1891లో పిల్లల సంరక్షణ విషయమై పార్లమెంటు చట్టము చేసెను. మఱియు 1882 మొదలు ఆయన పిల్లలను గుంపులుగా కెనడా దేశమునకు పంపసాగెను. క్రొత్తదేశములో విశాలమైన పొలములయందు వారికి మంచి బ్రదుకు కలుగునని ఆయన నమ్మకము. కొందఱికి కలిగెను. మఱికొందఱు ఒంటరి కమతములలో కూలివారివలె పని చేయింపబడి, ప్రేమగల మాటయైనను వినక పెరిగిరి; తోబుట్టువులను మరల చూడనివారును కలరు. ఆయన తరువాతను ఈ పద్ధతి సాగి, ఆ సంస్థ ద్వారా సుమారు 30,000 మంది కెనడాకు పంపబడిరి. అనేక సంస్థలు ఇట్లు పిల్లలను సముద్రము దాటించినందుకు 2010వ సంవత్సరమున బ్రిటిషు ప్రధానమంత్రి గార్డను బ్రౌనుగారు దేశముపక్షమున క్షమాపణ చెప్పిరి. మేలు చేయుచున్నామను నమ్మకము మేలునకు చాలదు. ఎవరికి మేలు చేయుచున్నామో వారిని అడుగవలెను; పిమ్మట వారెట్లున్నారో పోయి చూడవలెను.

ఈ లోపములు చెప్పితినని ఆయన ప్రేమను శంకింపకుడు. ఆయనకు ఏడుగురు బిడ్డలు కలిగి, వారిలో కొందఱు చిన్నతనముననే చనిపోయిరి. మార్జొరీ అను కుమార్తె బుద్ధిమాంద్యముతో జన్మించెను. ఆమెను ఆయన మిక్కిలి ప్రేమించెను. వికలాంగులును రోగులును అగు పిల్లలను ఇతర సంస్థలు చేర్చుకొన వెనుదీసినను, ఆయన ద్వారము వారికిని తెఱచియుండెను. అవిటి పిల్లలను వేఱుగా దాచియుంచక, ఇతరులతో కలిపి పెంచుటకు ఆయన యత్నించెను.

1891లో ఆయన బాలసహాయకుల సమాజమును స్థాపించెను. ఆరోగ్యమును ఇల్లును గల పిల్లలు తమ చేతిఖర్చులోనుండి కొంత తీసి, రోగులైన పిల్లల పడకలకు ఖర్చు భరించుట దాని యుద్దేశము. ఇది చందాలు కూర్చు ఉపాయము మాత్రము కాదు. బిడ్డ బిడ్డకు సాయము చేసినపుడు ఒకడు దాతయు ఒకడు బిచ్చగాడును కాడు, ఇద్దఱును పొరుగువారగుదురు.

విశ్రాంతి యెఱుగని పనివలన ఆయన గుండె బలహీనమయ్యెను. వైద్యుల హెచ్చరికలు ఆయనను ఆపలేదు. 1905వ సంవత్సరము సెప్టెంబరు నెల 19వ తేదీన సర్బిటనునందలి తన గృహమున ఆయన ప్రభువునందు నిద్రించెను. అప్పటికి ఆయన వయస్సు అరువది సంవత్సరములు. అప్పటికి ఆయన గృహములు 96. వాటిలో 8,500 మందికి పైగా పిల్లలు పెరుగుచుండిరి. ఆయన జీవితకాలమున చేర్చుకొనబడినవారు దాదాపు 60,000. ఒకప్పుడు సారాయి మందిరమైన ఎడిన్బరో కాసిలునందు ఆయన దేహము ఉంచబడగా, తూర్పు లండను బీదజనులు వరుసగా వచ్చి చూచిరి. ఆయన బాలురు ఆ వీధులగుండ వెంట నడచిరి. బార్కింగ్‌సైడునందు, ఆయన బాలికల గ్రామములో, ఆయన సమాధి కలదు.

ఆయన సంస్థ బర్నార్డోసను పేరుతో నేటికిని పనిచేయుచున్నది. కాని పూర్వపు పెద్ద శరణాలయములు ఇపుడు లేవు. బిడ్డ పెరుగుటకు సంస్థకంటె కుటుంబము మేలని కాలక్రమమున తెలిసికొని, ఇండ్లలోనే పిల్లలకు తోడ్పడు మార్గమును ఆ సంస్థ యవలంబించెను. మొదటి కుటీరమును కట్టించిన దినముననే స్థాపకుడు ఆ మార్గమున ఒక యడుగు వేసియుండెను.

ఇక నా స్వంత మాట యొకటి చెప్పి ముగించెదను. నేను బాలుడనైయుండగా ఒక వసతిగృహమున చదివితిని. స్పాన్సర్లని మనము పిలుచు దూరదేశపు పోషకులలో నొకరు నా ఖర్చు భరించుచుండిరి. ఏడాదికొకసారి వారికి పంపుటకై మాకు ఛాయాచిత్రములు తీయుచుండిరి. ఒక యేడు మా అమ్మ కూలిడబ్బులు కూడబెట్టి నాకు క్రొత్త చెప్పులు కొనిపెట్టెను. నేను వాటిని తొడుగుకొని సంతోషముగా వరుసలో నిలిచితిని. నా వంతు రాగానే, చెప్పులు విడిచి నిలువుమని ఒకరు చెప్పిరి. నేను విడిచితిని. చెప్పినవారు చెడ్డవారు కారు. మా కొఱకే యట్లు చెప్పిరని నాకపుడును తెలియును. ఐనను ఆ బొమ్మలో మా అమ్మ లేకుండపోయెనని నాకు తోచెను. పిమ్మట ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో బర్నార్డోగారి కథను, ఆ తీర్పును చదివినపుడు ఆ దినము జ్ఞాపకము వచ్చెను.

నాకు చదువు చెప్పించిన ఆ పోషకునకు నేను నేటికిని కృతజ్ఞుడను. వారి చందా లేనిదే నేను ఈ పాఠశాలలో నిలిచి మీకు పాఠము చెప్పుచుండను. కావున సాయము పొందు విద్యార్థులకు నేను చెప్పునది యిది: సాయము పొందుట సిగ్గు కాదు, ఎవరో తమ పూట తగ్గించుకొని మీ పూట నిలిపిరని యెఱిగి, శ్రద్ధగా చదువుడు, చేయి చాచినవారు ఒకదినమున చేయి అందించువారు కావలెను. తలిదండ్రులారా, మీ బీదరికము మీ ప్రేమను తక్కువ చేయదు. బిడ్డ విషయమున మీ మాట చెప్పుటకు సంకోచింపకుడు. మిషను పెద్దలారా, తోడి ఉపాధ్యాయులారా, దాతలకు వ్రాయునపుడు బిడ్డకు లేనిది మాత్రమే గాక ఉన్నదియు వ్రాయుదము. ఆ యుత్తరమును ఆ బిడ్డ పెద్దయైన పిమ్మట చదివినను తలవంచుకొనకుండునట్లు వ్రాయుదము.

క్యారట్టను బాలుని మరణము బర్నార్డోకు ద్వారమును తెఱచియుంచవలెనని నేర్పెను. ఆ తల్లి సాక్ష్యము, ఆ ద్వారములోనికి వచ్చు బిడ్డ తల యెత్తుకొని రావలెనని నేర్పెను. మొదటి పాఠమును ఆయన ఒక్క రాత్రిలో నేర్చుకొనెను. రెండవదానిని ఆయన పూర్తిగా నేర్వకయే పోయెను. దానిని నేర్చుకొనవలసిన భారము మనమీద నున్నది.